సూది, సెగ, నొప్పి: చైనా వైద్యం చేసేదెంత?

మెడ పట్టేసిందని వచ్చిన మనిషిని బోర్లా పడుకోబెట్టాక చైనా వైద్యుడు వెంటనే సూది తీయడు. బొటనవేలితో మెడ మొదలు నుంచి భుజం దాకా మెల్లగా నొక్కుకుంటూ వెళ్తాడు. ఒకచోట వేలు పడగానే రోగి ఉలిక్కిపడి "ఆఁ, అక్కడే!" అంటాడు. ఆ చోటికి చైనీయులు పెట్టిన పేరు "అ షీ". దాని అర్థం కూడా "ఆఁ, అదే!" అని. 7వ శతాబ్దపు వైద్యుడు సున్ సిమియావ్ రాతల్లోనే ఈ మాట ఉంది. ఒంటి మీద ఫలానా చోట ఫలానా బిందువు ఉందని చెప్పే పటాలు చైనా వైద్యంలో ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకున్న లెక్క ప్రకారం అవి 361. ఈ "అ షీ" మాత్రం ఏ పటంలోనూ ఉండదు. రోగి ఎక్కడ ఉలిక్కిపడితే అదే దాని చిరునామా.

చైనా నొప్పి వైద్యం గురించి జరిగే వాదనలన్నిటికీ మూలం ఈ తేడాలోనే ఉంది. ఒక పక్క చేతివేళ్లు వందల ఏళ్లుగా నేర్చుకున్న అనుభవం ఉంది, మరో పక్క ఆ అనుభవాన్ని వివరించడానికి అల్లిన సిద్ధాంతం ఉంది. రెండూ ఒకటే అనుకున్నప్పుడు కొందరు మొత్తాన్నీ నెత్తిన పెట్టుకుంటారు, కొందరు మొత్తాన్నీ తీసి పారేస్తారు. నొప్పి తగ్గిందా లేదా అన్నది ఒక ప్రశ్న. తగ్గితే దానికి కారణం వాళ్లు చెప్పేదేనా అన్నది వేరే ప్రశ్న. మోకాళ్ల నొప్పితో మెట్లెక్కలేక బాధపడే మనిషికి మొదటి ప్రశ్నే ముఖ్యం.

నొప్పి ఎందుకొస్తుందన్నదానికి చైనా వైద్యుల జవాబు వాళ్ల లిపిలో ఎనిమిది అక్షరాలు: దారి తెరుచుకుని ఉంటే నొప్పి లేదు, నొప్పి ఉందంటే దారి మూసుకుపోయింది. ఒంట్లో "చీ" అనే ప్రాణశక్తి, దానితోపాటు రక్తం కొన్ని దారుల వెంట తిరుగుతుంటాయనీ, ఎక్కడ అడ్డుపడితే అక్కడ నొప్పి పుడుతుందనీ వాళ్ల నమ్మకం. ఒకేచోట పొడిచినట్టుండే నొప్పి రక్తం గడ్డకట్టినందువల్ల, ఇవాళ మోకాలు, రేపు మోచేయి అంటూ తిరిగే నొప్పి గాలి వల్ల, బరువుగా లాగేసే నొప్పి తేమ వల్ల, ముడుచుకుపోయేలా చేసేది చలి వల్ల అని విడదీస్తారు. గాలి, చలి, తేమ మూడూ కలిసి కీళ్లలో చేరితే దాన్ని "బీ" అంటారు. తెలుగువాళ్లకు ఇది మరీ కొత్తగా అనిపించదు. వాతం నొప్పులని మన పెద్దవాళ్లు అనేదీ గాలి లెక్కే. ముసురు పట్టగానే కీళ్లు పట్టేస్తాయని ప్రతి ఇంట్లోనూ వినిపించే మాటే. పొడిచే నొప్పిని పోటనీ, లోపల్లోపల బాధించేదాన్ని సలుపనీ మనమూ విడివిడిగానే చెప్పుకుంటాం. రోగి నోట వచ్చే ఈ మాటల్ని చైనా వైద్యం జాగ్రత్తగా వింటుంది. ఆ వినడానికి విలువ ఉంది. నొప్పి ఎలా ఉందో చెప్పే లోపే చీటీ రాసి పంపేసే చోట అది మరీ ఎక్కువ.

ఈ వైద్యానికి ఉన్న వయసు గురించి ఒక చిన్న సవరణ. ఐదు వేల ఏళ్ల నాటిదని ప్రచారంలో ఉంది కానీ తవ్వకాలు అంత దూరం వెళ్లలేదు. హునాన్ రాష్ట్రంలోని మావాంగ్‌డుయి దగ్గర, క్రీ.పూ. 168లో మూసిన ఒక సమాధిని 1973లో తవ్వినప్పుడు పట్టుగుడ్డ మీద రాసిన వైద్య గ్రంథాలు దొరికాయి. వాటిలో దారులు పదకొండే ఉన్నాయి. సెగ పెట్టడం గురించి ఉంది, సూదుల చికిత్స ఊసు లేదు. ఆ తర్వాత కూర్చిన "హుయాంగ్‌డీ నైజింగ్" అనే వైద్య గ్రంథంలో సూదులు, మరింత విస్తారమైన సిద్ధాంతం కనిపిస్తాయి. మధ్యలో చైనావాళ్లే దీన్ని వద్దనుకున్న రోజులూ ఉన్నాయి. 1822లో దావోగువాంగ్ చక్రవర్తి రాజవైద్యశాలలో సూదుల చికిత్సను ఆపేయించాడు. 1929లో అప్పటి ప్రభుత్వం దేశీయ వైద్యం మొత్తాన్నీ ఎత్తివేయాలని చూసింది. ఇవాళ మనకు కనిపించే, పాఠ్యపుస్తకాల్లో సర్దిపెట్టిన చైనా వైద్యం చాలావరకు 1950ల తర్వాత మావో ప్రభుత్వం దగ్గరుండి రూపుదిద్దించినది.

ఇక సూది సంగతి. ఇంజెక్షన్ సూదిని తలుచుకుని భయపడేవాళ్లు ఎక్కువ గానీ, ఆక్యుపంక్చర్ సూది మందం సుమారు పావు మిల్లీమీటరే. లోపల బోలు ఉండదు, మందు ఎక్కించడం ఉండదు. దిగేటప్పుడు చీమ కుట్టినంత. అసలు విషయం దిగాక మొదలవుతుంది. వైద్యుడు సూదిని రెండు వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పుతాడు, కాస్త పైకి లాగి మళ్లీ దించుతాడు. అప్పుడు లోపల ఒక వింత భావన కలగాలి. దాన్ని "డె చీ" అంటారు, అంటే చీ చిక్కిందని. అది ఎలా ఉంటుందో చెప్పడానికి చైనీయులు వాడే మాటలు నాలుగు: పులుపు, తిమ్మిరి, ఉబ్బరం, బరువు. నొప్పిలో పులుపేమిటని మిగతా భాషలవాళ్లు తల గోక్కుంటారు. రోజంతా నాట్లేసి వచ్చి "ఒళ్లు పులిసిపోయింది" అనుకునే తెలుగువాళ్లకు అది చెప్పకుండానే అర్థమవుతుంది.

నడుము నొప్పికి మోకాలి వెనక మడతలో ఉండే వెయ్‌జోంగ్ దగ్గర పొడుస్తారు. పంటి నొప్పికి, ముఖం నొప్పికి బొటనవేలు, చూపుడువేలి మధ్య కండలో ఉండే హెగు. కడుపు బాధలకు మోకాలి చిప్ప కింద నాలుగు వేళ్ల వెడల్పు దిగాక, ఎముకకు కాస్త బయటగా ఉండే జుసాన్లీ. నాలుగు వేళ్లంటే మన బెత్తెడే. వైద్యుడి బెత్తెడు కాదు, రోగి బెత్తెడు. ఎవరి ఒంటికి వాళ్ల చేతివేళ్లే కొలబద్ద. పొట్టివాళ్లకూ పొడుగువాళ్లకూ ఒకే లెక్క సరిపోయేలా చేసుకున్న ఈ ఏర్పాటులో మంచి తెలివి ఉంది.

సూదుల చికిత్సను చైనా భాషలో "జెన్‌జ్యూ" అంటారు. జెన్ అంటే సూది, జ్యూ అంటే సెగ. పేరులోనే సగం వాటా ఉన్న ఈ సెగ బయటి దేశాల్లో పెద్దగా ప్రచారంలోకి రాలేదు. ఎండబెట్టి, దంచి, దూదిలా చేసిన ఒక ఆకును చుట్టలా కాగితంలో చుడతారు. కొస అంటించి, నిప్పు చర్మానికి తగలకుండా రెండు వేళ్ల ఎడంలో పట్టుకుంటారు. చర్మం ఎర్రబడి వేడి లోపలికి దిగేదాకా ఉంచుతారు. గదంతా ఘాటైన పొగ. కొన్నిసార్లు అల్లం ముక్కకు చిల్లులు పొడిచి ఒంటి మీద పెట్టి, దాని మీద ఈ దూదిని చిన్న గోపురంలా నిలిపి వెలిగిస్తారు. ఆ ఆకు మనకు తెలియనిది కాదు. వినాయక చవితి పూజలో మొట్టమొదట సమర్పించే మాచీపత్రం జాతిదే. చైనాలో ఐదో నెల ఐదో రోజు పండక్కి దాన్నే గుమ్మాలకు కడతారు. పూర్వం కాలి మచ్చ పడేలా నేరుగా చర్మం మీదే వెలిగించేవాళ్లు. మన పల్లెల్లో కామెర్లకు వాతలు పెట్టడం లాంటి దారుణం అది. ఇప్పుడు చాలావరకు దూరం నుంచే సెగ చూపిస్తారు. కీళ్ల నొప్పికి వేడి హాయినిస్తుందన్నదాంట్లో అనుమానం లేదు. ఇసుక మూటతో, వేడినీళ్ల సంచితో కాపడం పెడితే కలిగే హాయికన్నా ఈ ఆకు సెగ ఎంత ఎక్కువ చేస్తుందన్నదానికి మాత్రం గట్టి రుజువులు తక్కువ.

కప్పింగ్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 2016 రియో ఒలింపిక్స్‌లో ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ వీపు మీద గుండ్రటి ఊదారంగు మచ్చలు చూసి ప్రపంచమంతా మాట్లాడుకుంది. గాజు కప్పులో మంట తిప్పి వెంటనే ఒంటికి ఆనిస్తే లోపలి గాలి చల్లారి చర్మాన్ని పైకి పీలుస్తుంది. ఒకప్పుడు దీనికి జంతువుల కొమ్ములు వాడేవాళ్లు. సుశ్రుతుడు రక్తం తీయడానికి చెప్పిన కొమ్ము, సొరబుర్ర, జలగల్లో మొదటి రెండూ ఇలా పీల్చే పనిముట్లే. యునానీ వైద్యం పాతుకున్న హైదరాబాద్‌లో హిజామా పేరుతో జరిగేదీ దీనికి దగ్గరి చుట్టమే. "గ్వా షా" అనేది నూనె రాసి గుండ్రటి అంచున్న పలకతో గానీ, పింగాణీ చెంచాతో గానీ ఎర్రటి చుక్కలు తేలేదాకా గీకడం. ఇలా గీకిన చోట మొదటి కొన్ని నిమిషాలు చర్మంలో రక్తప్రసరణ నాలుగు రెట్లదాకా పెరిగిందని 2007లో ఒక చిన్న పరిశోధనలో కొలిచారు. మెడ బిగుసుకున్నప్పుడు ఒకటి రెండు రోజులు తేలిక అనిపించడం సహజమే. "తుయినా" అంటే తోయడం, పట్టడం. అది చైనా మర్దనా. నడుము నొప్పికి మర్దనా మంచిదేనని అన్ని దేశాల అనుభవం చెబుతోంది కాబట్టి తుయినాకు ప్రత్యేకంగా సాక్ష్యం వెతకాల్సిన పని లేదు.

సూదుల మీద లోకం దృష్టి పడేలా చేసిన కథ ఒకటుంది. దాన్ని ఇప్పటికీ తప్పుగా చెప్పుకుంటున్నారు. 1971 జులైలో న్యూయార్క్ టైమ్స్ విలేకరి జేమ్స్ రెస్టన్‌కు బీజింగ్‌లో అపెండిక్స్ ఆపరేషన్ జరిగింది. మత్తు లేకుండా సూదులతోనే కోశారని ప్రచారం. ఆయనే రాసినదాని ప్రకారం ఆపరేషన్ మామూలు మత్తుమందు ఇంజెక్షన్లతోనే జరిగింది. మర్నాడు రాత్రి పొట్ట ఉబ్బరంగా, ఇబ్బందిగా ఉన్నప్పుడు మోచేతిలో, మోకాళ్ల కింద సూదులు గుచ్చి, పొట్ట దగ్గర ఆకు చుట్టలతో సెగ చూపించారు. గంటలోపే తేలికపడింది. ఆయన చెప్పింది అంతే. మరుసటి ఏడాది నిక్సన్ చైనా వెళ్లడంతో ఆ చిన్న అనుభవం పెద్ద గాథ అయిపోయింది.

మన దేశానికి ఇది వేరే దారిలో, అంతకంటే ముందే వచ్చింది. 1938లో జపాన్‌తో యుద్ధంలో ఉన్న చైనాకు సాయంగా భారత్ నుంచి ఐదుగురు డాక్టర్లు వెళ్లారు. అక్కడే కన్నుమూసిన డాక్టర్ కోట్నీస్ పేరు అందరికీ తెలుసు. ఆ ఐదుగురిలో ఉన్న డాక్టర్ బిజయ్ కుమార్ బసు 1950ల చివర్లో మళ్లీ చైనా వెళ్లి, ఆక్యుపంక్చర్ నేర్చుకుని కలకత్తాలో మొదలుపెట్టారు. అందుకే పశ్చిమ బెంగాల్‌లో దీనికి 1996లోనే చట్టం వచ్చింది. కేంద్రం 2019లో దీన్ని ఒక ప్రత్యేక వైద్య పద్ధతిగా గుర్తించింది. చేసేవాళ్ల చదువు, శిక్షణ విషయంలో మాత్రం దేశమంతా ఒకే తీరు లేదు. కొన్ని వారాల కోర్సు చేసి బోర్డు పెట్టినవాళ్లూ ఉన్నారు, ఎంబీబీఎస్ తర్వాత ఏళ్లపాటు నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు. గుమ్మం బయట బోర్డు చూస్తే ఈ తేడా తెలియదు.

ఇంతకీ పనిచేస్తుందా? దీనికి జర్మనీలో జరిగిన ఒక పరీక్షను దగ్గరగా చూడడం మేలు. ఏళ్ల తరబడి నడుము నొప్పితో ఉన్న 1,162 మందిని మూడు గుంపులు చేశారు. మొదటి గుంపుకు శాస్త్రం చెప్పిన చోట్ల, చెప్పినంత లోతున సూదులు గుచ్చారు. రెండో గుంపుకు ఏ బిందువూ లేని చోట్ల పైపైన గుచ్చారు. మూడో గుంపుకు మందులు, ఫిజియోథెరపీ, వ్యాయామం. సూదుల వాళ్లకు అరగంట చొప్పున కనీసం పది సిటింగులు. ఆరు నెలలయ్యాక చూస్తే మెరుగుపడినవాళ్లు అసలు సూదుల గుంపులో 47.6 శాతం, ఉత్తుత్తి సూదుల గుంపులో 44.2 శాతం, మామూలు వైద్యంలో 27.4 శాతం. ఇవి 2007లో వెలువడ్డాయి.

ఈ మూడు అంకెలను కలిపి చదవాలి. విడిగా చదివితే ఎవరికి కావలసింది వాళ్లకు దొరుకుతుంది. మొదటి రెండిటికీ తేడా దాదాపు లేదు. అంటే సూది ఖచ్చితంగా ఎక్కడ దిగింది, చీ దారిలో దిగిందా లేదా అన్నది నడుము నొప్పి విషయంలో పెద్దగా లెక్కలోకి రాలేదు. సిద్ధాంతానికి ఇది గట్టి దెబ్బే, కప్పిపుచ్చడం కుదరదు. అదే సమయంలో, ఏ సూదైనా సరే, మామూలు వైద్యాన్ని బాగా దాటింది. మామూలు వైద్యం అందినవాళ్లకు తమకేం అందుతోందో తెలుసు, అంతకుముందు ఏళ్లపాటు వాడిన మందులే మళ్లీ వాడుతున్నామన్న నిరుత్సాహమూ ఉండి ఉంటుంది. ఆ లెక్క తీసేసినా మిగిలేది ఒకటుంది: అరగంట కదలకుండా పడుకోవడం, ఒక మనిషి ఒంటి మీద చెయ్యి వేసి శ్రద్ధగా చూడడం, చర్మం మీద సన్నటి పోటు, తగ్గుతుందన్న నమ్మకం. ఇవన్నీ కలిసి నొప్పిని తగ్గిస్తున్నాయి. నమ్మకంతో తగ్గిందంటే నొప్పి ఉత్తుత్తిదని ఎవరూ అనుకోకూడదు. నొప్పి పుట్టించేదీ, తగ్గించేదీ మెదడే. దానికి దారి దొరికితే తగ్గుదల నిజమైనదే.

దాదాపు 18 వేల మంది రోగుల వివరాలను కలిపి 2012లో పరిశోధకుడు వికర్స్ బృందం చేసిన లెక్క ఇంకాస్త సూక్ష్మంగా ఉంది. నూటికి 60 మార్కుల నొప్పితో మొదలైన రోగిని ఊహించుకుంటే, ఆక్యుపంక్చర్ లేకపోతే అది 43కి దిగుతుంది, ఉత్తుత్తి సూదులతో 35కి, అసలు సూదులతో 30కి. అసలుకీ ఉత్తుత్తికీ మధ్య ఐదు మార్కులు. చిన్నదే గానీ సున్నా కాదు. ఒక హెచ్చరిక కూడా ఉండాలి. అదే వికర్స్ 1998లో వివిధ దేశాల పరిశోధనలు వెతికినప్పుడు చైనా నుంచి వచ్చిన ఆక్యుపంక్చర్ పరీక్షల్లో ఒక్కటీ విఫలం కాలేదు. ఏ వైద్యమూ ప్రతిసారీ గెలవదు కాబట్టి, ఓడిన పరీక్షలు అచ్చు కాలేదని అర్థం చేసుకోవాలి.

ఒంట్లో ఏం జరుగుతుందన్నదాని మీద ప్రయోగశాలలు కొంత వెలుగు చూపాయి. శరీరం తనంతట తాను నల్లమందు లాంటి పదార్థాలు తయారు చేసుకుంటుంది. వాటిని అడ్డుకునే నలాక్సోన్ అనే మందు ఇస్తే సూదుల ప్రభావం తగ్గిపోతోందని 1970ల మధ్యలో కెనడాలో బ్రూస్ పొమెరాంజ్ ఎలుకల మీద చూపించాడు. బీజింగ్‌లో హాన్ జిషెంగ్ సూదులకు కరెంటు తగిలించి, సెకనుకు 2 సార్లు కొడితే ఒక రకం పదార్థాలు, 100 సార్లు కొడితే మరో రకం విడుదలవుతాయని కనిపెట్టాడు. మన ఊళ్లలో ఫిజియోథెరపిస్టులు నడుముకు అతికించే కరెంటు పట్టీలు ఇదే కుటుంబానివి. 2010లో మరో బృందం ఎలుక మోకాలి దగ్గర జుసాన్లీలో సూది తిప్పితే అక్కడికక్కడే అడెనోసిన్ అనే రసాయనం పెరిగి నొప్పి సంకేతం తగ్గుతోందని చూపించింది. వీటిలో ఎక్కడా చీ దొరకలేదు. నరాలు, కండరాలు, రసాయనాలు దొరికాయి.

సూది, సెగ, కప్పుల వరకు నష్టం తక్కువ. మందుల దగ్గరకు వచ్చేసరికి మాట మార్చాలి. యాన్‌హుసువో అనే దుంప చైనాలో పేరున్న నొప్పి మందు, దానిలో టెట్రాహైడ్రోపాల్మటిన్ అనే నిజమైన మత్తుగుణం ఉన్న పదార్థం ఉంది. అదే పదార్థం దండిగా ఉన్న "జిన్ బు హువాన్" మాత్రలు వాడి 1990ల మొదట్లో అమెరికాలో కొందరికి కాలేయం దెబ్బతింది. కీళ్ల నొప్పికి వాడే చువాన్‌వు, చావోవు అనేవి మన వత్సనాభి కుటుంబానికి చెందిన విషపు దుంపలు. ఆయుర్వేదం శుద్ధి చేయకుండా వత్సనాభిని ముట్టదు, చైనా వైద్యులూ గంటల తరబడి ఉడికించనిదే ఇవ్వరు. ఉడుకు చాలకపోతే ముందు నాలుక, పెదాలు తిమ్మిరెక్కుతాయి, ఆ తర్వాత గుండె లయ తప్పుతుంది. హాంకాంగ్ ఆసుపత్రులు ఇలాంటి కేసులు ఎన్నో చూశాయి. మూలికా మాత్రలని అమ్మేవాటిలో స్టెరాయిడ్లు, పెయిన్ కిల్లర్లు చెప్పకుండా కలపడం చైనాలోనూ బయటపడింది, మన దగ్గరా కొత్త కాదు. మూడో రోజుకే మోకాలు నొప్పి మాయమైపోయే పేరులేని గోళీని చూసి సంతోషించకూడదు, అనుమానించాలి. పై పూతలతో అంత భయం లేదు. రంగూన్‌లో పుట్టిన టైగర్ బామ్‌కు, 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు మొదలుపెట్టిన అమృతాంజనానికి పనిచేసే తీరు ఒకటే: చల్లదనం, మంట కలిసి నొప్పి మీద ధ్యాసను మళ్లించడం.

సూదులకూ కొన్ని చోట్ల హద్దులున్నాయి. భుజం పైన, వీపు మీద లోతుగా దించితే ఊపిరితిత్తికి తగిలి దాని చుట్టూ గాలి చేరిన సందర్భాలు ఉన్నాయి. అరుదే గానీ ప్రాణాంతకం కావచ్చు. సూదులు రోగి కళ్లముందే సీలు విప్పినవి కావాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలి. షుగర్ వల్ల అరికాళ్లు మొద్దుబారినవాళ్లకు సెగ చికిత్స వద్దు. కాలుతున్నా తెలియదు, పుండు పడితే మానదు. తెలుగు నేల మీద ఇంటింటా షుగర్ ఉన్న ఈ రోజుల్లో ఈ ఒక్క జాగ్రత్త పది వాక్యాలతో సమానం. నడుము నొప్పితోపాటు జ్వరం ఉన్నా, బరువు తగ్గుతున్నా, కాలు పట్టు తప్పుతున్నా, మూత్రం అదుపు తప్పినా ముందు వెళ్లాల్సింది ఆసుపత్రికే. ఛాతీ నొప్పి అయితే చెప్పనే అక్కర్లేదు.

దేశాలు కూడా ఈ మధ్యదారిలోనే తడుముకుంటూ నడుస్తున్నాయి. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2016లో నడుము నొప్పికి ఆక్యుపంక్చర్ వద్దంది, 2021లో కారణం తేలని దీర్ఘకాలిక నొప్పికి ఒక విడత ఇచ్చి చూడవచ్చంది. అమెరికాలో పెద్దవాళ్ల ప్రభుత్వ బీమా మెడికేర్ 2020 జనవరి నుంచి దీర్ఘకాలిక నడుము నొప్పికి డబ్బు చెల్లిస్తోంది. అక్కడి ఏర్పాటు గమనించదగ్గది. 90 రోజుల్లో 12 సిటింగులు. మెరుగు కనిపిస్తే మరో 8. ఏడాదికి 20 దాటడానికి లేదు. మెరుగు కనిపించకపోతే అక్కడితో ఆపేయాలి. 30 సిటింగుల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టమనే చోట, మొదటి ఆరేడు సిటింగులకు మాత్రమే కట్టి, మెట్లు ఎక్కడం, రాత్రి నిద్ర, వేసుకునే మాత్రల లెక్క ముందుకంటే మారిందో లేదో కాగితం మీద రాసుకుని చూడమని ఇంట్లో నొప్పితో ఉన్నవాళ్లకు చెప్పవచ్చు.